జలిప్యే వెళ్తే బయటి గోడలు చూసి తిరిగి వచ్చేయకండి

పోలండ్‌లోని క్రాకోవ్‌లో పోస్ట్‌కార్డులు అమ్మే ఏ కొట్టుకు వెళ్ళినా ఆ బొమ్మ ఒకటి కనిపిస్తుంది. తెల్లటి గోడ, కిటికీ చుట్టూ అరచేతులంత పూలు, పక్కన అవే పూలు వేసిన బావి. ఆ ఊరి పేరు జలిప్యే. ఆ ఒక్క బొమ్మనే మనసులో పెట్టుకుని వెళ్ళినవాళ్ళు ఊరు చూడగానే "ఇంతేనా?" అంటారు. మాతోపాటు వ్యాన్ దిగిన ఒకాయన పైకే అనేశాడు. ఆయన్ని తప్పు పట్టను. ఈ ఊళ్ళో చూడవలసింది ఇళ్ళ బయట తక్కువ, లోపల ఎక్కువ. ఆ సంగతి చెప్పి తీసుకెళ్ళేవాళ్ళు లేరు, అందుకే ఈ రివ్యూ.

నేను హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి క్రాకోవ్‌లో ఉద్యోగం చేస్తోంది, మనవరాలు అక్కడే పోలిష్ బడికి వెళ్తోంది. కాబట్టి ఇందులో రంగుల గురించి, కుంచెల గురించి కొంచెం ఎక్కువే ఉంటుంది. సెల్ఫీకి ఏ గోడ బాగుంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు నేను పెద్దగా పనికిరాను.

జలిప్యే పోలండ్ దక్షిణాన, మావోపోల్‌స్కా ప్రాంతంలో ఉంది. దగ్గరి పెద్ద పట్నం టార్నోవ్. అక్కడి నుంచి ఉత్తరంగా 30 కిలోమీటర్ల పైన వెళ్ళాలి. జనాభా వెయ్యి లోపే. దక్షిణ పోలండ్ అనగానే తాత్రా పర్వతాలు ఊహించుకోకండి. ఇది డునాయెత్స్ నది విస్తులాలో కలిసే మూలన ఉన్న పల్లపు నేల. ఎటు చూసినా చదునుగా పొలాలు, మధ్యలో చెట్ల వరసలు, అక్కడక్కడా ఇళ్ళు. ఇళ్ళు ఒక వీధిలో గుంపుగా ఉండవు, ఎవరి పొలం దగ్గర వాళ్ళవి. రంగులు వేసిన ఇంటికీ ఇంకో రంగుల ఇంటికీ మధ్య మామూలు సిమెంటు ఇళ్ళు, ట్రాక్టర్ షెడ్లు వస్తాయి. వ్యాన్‌లో ఆయన నిరాశపడింది దీనికే. పూల బొమ్మల వీధి ఒకటి ఉంటుందని, ఆ చివర నుంచి ఈ చివరకు నడుచుకుంటూ పోవచ్చని అనుకున్నాడు పాపం.

ఈ బొమ్మలు ఎలా పుట్టాయో తెలిస్తేగాని లోపల ఏం చూడాలో తెలియదు. 1772 నుంచి 1918 వరకు ఈ ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. గలీషియా అనేవారు. 19వ శతాబ్దంలో విస్తులా దాటితే అవతలి గట్టు రష్యా చక్రవర్తిది. రెండు సామ్రాజ్యాల అంచున ఉన్న పేద నేల. ముక్కలైపోయిన కమతాలు, పని వెతుక్కుంటూ అమెరికా ఓడలెక్కిన మనుషులు. ఇళ్ళకు పొగగొట్టాలు ఉండేవి కావు. పొయ్యి పొగ గదంతా తిరిగి, పైకప్పు సందుల్లోంచి బయటకు పోవాలి. దాంతో గోడలు, దూలాలు నల్లగా మసిబారిపోయేవి. పండగలొస్తున్నాయంటే ఆడవాళ్ళు సున్నం కలిపి, గడ్డికుంచెతో ఆ నల్లగోడ మీద తెల్లటి మచ్చలు వేసేవారు. మొత్తం వెల్ల వేసినా నాలుగు రోజుల్లో మళ్ళీ నలుపే కదా, అందుకని మచ్చలు.

19వ శతాబ్దం చివరికొచ్చేసరికి పొగగొట్టం ఉన్న పొయ్యిలు వచ్చాయి. గోడలు తెల్లగా నిలబడ్డాయి. అప్పుడు ఆ మచ్చలే పూలయ్యాయి. రంగులకు ఇంట్లో దొరికే సరుకే: మసి, బంకమట్టి, సున్నం, బట్టలకు పెట్టే నీలం. రంగు గోడకు పట్టుకోవడానికి పాలు, గుడ్డు తెల్లసొన కలిపేవారు. కుంచెలు కూడా సొంత తయారీయే. బర్చ్ పుల్లల చివర నలగ్గొట్టి కొన్ని, ఆవు తోక వెంట్రుకలు కట్టి కొన్ని.

ఆ నీలం గురించి ఒక మాట. సున్నం క్షారం. కొన్ని నీలాలు దాన్ని తట్టుకోలేవు. ప్రష్యన్ బ్లూ తీసుకెళ్ళి పచ్చి సున్నం మీద వేస్తే రంగు మారి పాడైపోతుంది. బట్టల నీలంలో ఉండే అల్ట్రామరైన్ మాత్రం నిలుస్తుంది. ఆ ఆడవాళ్ళకు కెమిస్ట్రీ ఎవరూ చెప్పలేదు, అయినా సరైన నీలాన్నే పట్టుకున్నారు. నా మటుకు నాకు పూలకన్నా ఇదే పెద్ద సంగతి.

ఇక మొదటిసారి ఎలా వెళ్ళామో చెప్తాను, మీరు అలా వెళ్ళకుండా ఉంటారని. క్రాకోవ్ నుంచి ఒక రోజు టూరు అని ఒక కంపెనీ వ్యాన్‌లో సీట్లు బుక్ చేసింది మా అమ్మాయి. పేరు రాయను. దారంతా గైడు బాగానే మాట్లాడాడు. ఊళ్ళోకి వచ్చాక మాత్రం పరుగే పరుగు. పూలు వేసిన బావి దగ్గర ఐదు నిమిషాలు, పూలు వేసిన కుక్క గూడు దగ్గర ఐదు నిమిషాలు, అగ్నిమాపక కేంద్రం గోడ ముందు గ్రూప్ ఫోటో. మ్యూజియం అసలు లిస్టులో లేదు. "టైముంటే మీరే చూసుకోండి" అన్నాడు. టైము లేదు. అది చాలక, ఒక ఇంటి గేటు తీసుకుని అందర్నీ పెరట్లోకి నడిపించేశాడు. లోపల కిటికీ తెర జరిగి ఒక పెద్దావిడ మొహం కనిపించింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అమ్మా, బయటికి రా" అంది. ఆ ఇళ్ళలో మనుషులు కాపురాలు చేసుకుంటున్నారు. కొందరు సంతోషంగా రమ్మంటారు, కొందరికి ఇష్టం ఉండదు. గేటు బయట నిలబడి అడిగి వెళ్ళాలి. డబ్బు తీసుకుని మనుషుల్ని తెచ్చే కంపెనీకి ఆ మాత్రం తెలియదా?

తర్వాత మేమే విడిగా వెళ్ళాం. ఆ ప్రయాణం గురించే నా మార్కులు: ఐదుకు నాలుగున్నర.

ముందు ఈ ఊరి చిత్రకారిణి ఫెలిత్స్యా త్సురివోవా ఇంటికి వెళ్ళండి. ఇక్కడి నుంచి మొదలుపెట్టకపోతే మిగతా ఊరంతా అలంకారంలాగే కనిపిస్తుంది. ఆవిడ 1904లో పుట్టి 1974లో పోయింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెద్దవాళ్ళు ఇంట్లో లేని సమయం చూసి ఇల్లంతా రంగులు వేసేసిందని చెప్పుకుంటారు. నిజమో, పెరిగిన కథో గానీ ఆ ఇల్లు చూశాక నమ్మబుద్ధేస్తుంది. ఆవిడ ఒక్కతే గీసుకుంటూ కూర్చోలేదు, ఊళ్ళో మిగతా ఆడవాళ్ళనూ కదిలించింది, వచ్చినవాళ్ళకు ఊరిని చూపించింది. ఆవిడ పోయాక 1978 నుంచి ఆ ఇల్లు టార్నోవ్ మ్యూజియం కింద నడుస్తోంది.

చిన్న ఇల్లే. నల్లగది, తెల్లగది, ఇంకో బుల్లి గది. నల్లగదిలో పొయ్యి, వంట, రోజువారీ జీవితం. తెల్లగది మంచి రోజులకు, వచ్చిన చుట్టాలకు. పొయ్యి మీద పూలు, గోడ మీద పూలు, మంచం మీద కుట్టుపని పూలు, దేవుడి పటాల చుట్టూ కాగితం పూలు. పైకప్పు నుంచి గడ్డిపుల్లలు, రంగుకాగితాలు గుచ్చి కట్టిన గుత్తి వేలాడుతూ ఉంటుంది. చెప్తుంటే గందరగోళంగా ఉంటుందనిపిస్తుంది కదా? లోపల నిలబడితే అలా ఉండదు. ఎందుకా అని చాలాసేపు చూశాను. పూల మధ్య ఖాళీ వదిలిన తీరు అది. ఎక్కడా గోడను మూసేయలేదు. కిటికీ వెలుగు పడే చోట బొమ్మలు పల్చగా, మూలల్లో దట్టంగా. మా మనవరాలు మాత్రం పొయ్యి దగ్గరే ఆగిపోయి, "అమ్మమ్మా, ఇక్కడ అన్నం వండేటప్పుడు పూలు కాలిపోవా?" అని అడిగింది. కాలతాయి, మసి పడుతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ వేసుకుంటారు అని చెప్పాను. ఊళ్ళో పని మొత్తం ఇదే. బొమ్మ వేసి అలా వదిలేసేది కాదు, ఏటా మెరుగు పెట్టుకోవలసిందే.

ప్రాంగణంలోనే పాతకాలపు గుడిసె కూడా ఒకటి ఉంది. తెల్లగది అందం చూసి వచ్చిన ఊపులో చాలామంది దీన్ని తల వంచి తొంగి చూసి వెళ్ళిపోతున్నారు. ఆగండి. ఆ చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఉండండి. మసి గోడల మధ్య బతికినవాళ్ళకు చారెడు సున్నం ఎంత వెలుగో అక్కడ తెలుస్తుంది.

తర్వాత డోమ్ మలారెక్. చిత్రకారిణుల ఇల్లు అనుకోండి. 1970ల చివర్లో కట్టారు. ఊరి సాంస్కృతిక కేంద్రం, చిన్న ప్రదర్శన, అమ్మకాల కౌంటరు అన్నీ అదే. గోడలు, తలుపులు, మెట్ల పక్కలు వేర్వేరు చేతులు వేసినవి. కొంచెం అలవాటైతే ఎవరి చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకోవచ్చు. ఒకావిడ రేకలు పొడుగ్గా లాగుతుంది, ఒకావిడ గుండ్రంగా ముద్ద పెడుతుంది, ఇంకొకావిడ ఆకుకి ఒక పక్కే నీడ వేస్తుంది.

మేము ముందుగా మాట్లాడుకుని వెళ్ళాం కాబట్టి పిల్లతోపాటు నన్నూ కుంచె పట్టుకోనిచ్చారు. నేర్పించినావిడకు నా వయసే ఉంటుంది. ఇంగ్లీషు రాదు, నాకు పోలిష్ రాదు, మధ్యలో మనవరాలు. చెక్కపళ్ళెం ముందు పెట్టగానే నేను అలవాటుగా పెన్సిల్ తీశాను. ఆవిడ తల అడ్డంగా ఊపి ఏదో అంది.

"అమ్మమ్మా, పెన్సిల్ వద్దంటున్నారు. ముందు రంగు పెట్టమంటున్నారు."

"కొలత తప్పితేనో?"

అది కాస్తా పోలిష్‌లో వెళ్ళింది, ఆవిడ నవ్వింది, జవాబు తిరిగొచ్చింది. "తప్పితే అక్కడ ఇంకో పువ్వు వేస్తారట."

ముగ్గుతో పోల్చాలని చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ చేతి కదలికే వేరు. ముగ్గులో గీత ముందు. ఇక్కడ మచ్చ ముందు. కుంచెను నిండా ముంచి ఒక ముద్ద పెడతారు, దాని పక్కన ఇంకోటి, మధ్యలో చుక్క. ఆరాక సన్నకుంచెతో అంచులు, ఈనెలు. గీత ఆఖర్న వచ్చి సర్దుతుంది, అంతే. నల్లగోడ మీద సున్నం మచ్చలు వేసిన అలవాటే ఇప్పటికీ చేతిలో ఉండిపోయిందని నా నమ్మకం. ఇది ఎవరూ చెప్పగా విన్నది కాదు, ఆ పళ్ళెం మీద కుంచె పెడుతుంటే నాకు తోచింది.

చర్చి కూడా చూడండి, సెయింట్ జోసెఫ్ పేరున ఉంది. పాత కట్టడాల పిచ్చి ఉన్నవాళ్ళకు అందులో పెద్దగా ఏమీ దొరకదు గానీ, లోపలి పూల అలంకారం, గురువులు తొడుక్కునే వస్త్రాల మీద అవే పూల కుట్టుపని చూడదగ్గవి. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగండి.

నాకు నచ్చనిదీ ఉంది. ఇప్పటి బయటి గోడల మీద పూలు మరీ బొద్దుగా, మరీ మెరుస్తూ ఉంటున్నాయి. డబ్బా రంగులు వచ్చాక ఎరుపు, గులాబీ, నారింజ అన్నీ ఒకే గొంతుతో అరుస్తున్నట్టున్నాయి. పాత పద్ధతిలో మసి నలుపు, మట్టి గోధుమ ఉండేవి కదా, అవి మిగతా రంగుల్ని అదుపులో పెట్టేవి. కొన్ని ఇళ్ళ మీద ఒకే గుత్తి మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఫోటోలకు వచ్చేవాళ్ళు కోరేది అదే మరి, వాళ్ళూ అదే వేస్తున్నారు.

ఈ విషయంలో అక్కడి పోటీ గురించి చెప్పాలి. "మలోవానా హాటా" అని, రంగులు వేసిన ఇళ్ళ పోటీ. మొదటిసారి 1948లో జరిగింది, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్ళకు. 1965 నుంచి ఏటా జరుగుతోంది. కాథలిక్కుల కార్పస్ క్రిస్టి పండగ తర్వాతి శని, ఆదివారాల దగ్గర న్యాయనిర్ణేతలు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. ఆ పండగకు ముందే ఊళ్ళో వాళ్ళు కొత్తగా వెల్ల వేసి, పాత పూలు సరిచేసుకుంటారు. పోటీ వల్ల బొమ్మలు ఒకే మూసలో పడతాయని నా అనుమానం. పోటీయే లేకపోతే ఈ పాటికి ఊళ్ళో గోడలన్నీ ఒట్టి తెల్లగా ఉండేవనీ తెలుసు. రెండోదే బరువైన మాట, అందుకే కోత అర మార్కుతో సరిపెట్టాను.

ఎప్పుడు వెళ్ళాలంటే ఆ పోటీ అయిన వెంటనే. కార్పస్ క్రిస్టి ఈస్టర్ తర్వాత అరవయ్యో రోజు లెక్కన వస్తుంది, ఎప్పుడూ గురువారమే, మే చివర నుంచి జూన్ లోపు పడుతుంది. ఆ గురువారం పోలండ్ మొత్తం సెలవు. దుకాణాలు మూసేస్తారు. శుక్రవారం కూడా సెలవు పెట్టుకుని నాలుగు రోజులు ఊళ్ళు తిరిగేవాళ్ళు ఎక్కువ, కాబట్టి రైళ్ళు నిండుగా ఉంటాయి. ఆ హడావుడి వద్దనుకుంటే ఒక వారం ఆగి వెళ్ళండి. రంగులు ఇంకా కొత్తగానే ఉంటాయి, జనం ఉండరు.

చేరుకోవడమే కాస్త టెన్షన్. జలిప్యేకు రైలు లేదు. క్రాకోవ్ నుంచి టార్నోవ్‌కు రైళ్ళు చాలానే ఉన్నాయి, దాదాపు గంట. అక్కడి నుంచి బస్సుల్ని నమ్ముకోవద్దు, శని ఆదివారాల్లో మరీను. మేము టార్నోవ్ స్టేషన్ బయట ట్యాక్సీ మాట్లాడుకున్నాం, ఊళ్ళో మాకోసం ఆగడంతో కలిపి రానూపోనూ 300 జ్లోటీల పైన అయింది. ముగ్గురం పంచుకుంటే వ్యాన్ టూరుకన్నా ఎక్కువేం కాలేదు. సొంత కారుంటే సమస్యే లేదు. సైకిల్ తెచ్చుకునేవాళ్ళు అదృష్టవంతులు, నేల చదును కాబట్టి దూరంగా ఉన్న ఇళ్ళన్నీ తీరిగ్గా చూడొచ్చు. నడిచేవాళ్ళు మాత్రం ఎండకు టోపీ, కాళ్ళకు మంచి బూట్లు మర్చిపోవద్దు. తిండి టార్నోవ్‌లోనే కట్టించుకోండి. మేము బేకరీ రొట్టెలు, ఆపిల్స్ తీసుకెళ్ళాం.

కొనడానికి: డోమ్ మలారెక్‌లో చేత్తో వేసిన చెక్క గరిటెలు, గుడ్లు, పళ్ళేలు ఉంటాయి. క్రాకోవ్‌లో పూల ప్రింటు వేసిన చున్నీలు, సంచులు "పోలిష్ జానపద కళ" అని అమ్ముతారు, అవి వేరు. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. చేత్తో వేసిన దాంట్లో ఏ రెండు రేకలూ ఒకేలా ఉండవు. నేను ఒక గరిటె కొన్నాను, మా అమ్మాయి "వంటకు వాడొద్దమ్మా" అని మూడుసార్లు చెప్పింది.

తిరుగు దారిలో డాంబ్రోవా టార్నోవ్‌స్కా వస్తుంది. అక్కడ కాసేపు ఆగండి. 19వ శతాబ్దం మధ్యలో కట్టిన పెద్ద సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఉంది. యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో యూదులు చాలామంది ఉండేవారు. 1942లో నాజీలు వాళ్ళలో చాలామందిని బెల్జెత్స్ మరణ శిబిరానికి తరలించి చంపేశారు. కట్టడం దశాబ్దాలపాటు పాడుబడి, బాగుచేశాక 2012లో మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడది సంస్కృతుల కేంద్రం. లోపల గోడల మీద పాత వర్ణచిత్రాలను బాగుచేసి నిలబెట్టారు. పది మైళ్ళ దూరంలో రైతు ఆడవాళ్ళు మసిగోడల మీద సున్నం వేస్తున్న కాలంలోనే ఇక్కడ ఇంత ఎత్తు గోడలు లేచాయి. జలిప్యే గురించి రాసేవాళ్ళు దీన్ని ఎందుకు వదిలేస్తారో తెలియదు. తెరిచి ఉండే వేళలు బయల్దేరే ముందే చూసుకోండి, ట్యాక్సీ అతనికీ ముందే చెప్పి పెట్టండి. మా డ్రైవరు అరగంట ఆగినందుకు అదనంగా 40 జ్లోటీలు తీసుకున్నాడు.